కిటికీ మూసుకునే దాకా

ఒక సందేహం ఏళ్ళ తరబడి నాతోనే ఉంది. పొద్దున్నే దీపం వెలిగించి దండం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి కూడా చాలాసార్లు అడిగాను. ఆలుమగల మధ్య దాపరికం ఉండకూడదంటారు పెద్దలు. బాగానే ఉంది. మరి ఆ దాచింది తనది కాకపోతే? ఎవరో పరాయి మనిషి నమ్మి చెప్పుకున్న మాటైతే? అప్పుడు కట్టుకున్నవాడికి చెప్పకపోవడం తప్పా, చెప్పడం తప్పా?

దేవుడు ఇంతవరకు ఏమీ అనలేదు. అందరి గుట్లూ తెలిసినవాడు ఆయన. ఒకరిది ఇంకొకరికి ఎప్పుడూ చెప్పడు. ఆయన జవాబు అదేనేమో. అంత లోతు నాకు అందదు.

ఈ సందేహాన్ని నా నెత్తిన పెట్టింది మా మరదలు.

నేను దర్జీని. డాక్టర్ల తెల్లకోట్లు, ఆసుపత్రి తెరలు కుడతాను. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. అప్పట్లో ఇంట్లో నేను, మా ఆవిడ, ఆవిడ చెల్లెలు. మా మరదలు రెండు వీధుల అవతల రక్తపరీక్షల కేంద్రంలో పని చేస్తుంది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి, ఈ మూడింటికీ అక్కడ పరీక్ష చేస్తారు. రక్తం తీసేదీ ఆమే, వచ్చినవాళ్ళకి ధైర్యం చెప్పేదీ ఆమే. మనిషి పిడికెడు. నోరు మాత్రం అమ్మో! "మా చెల్లికి సూది దేనికండీ? మాటతోనే రక్తం తీస్తుంది" అనేది మా ఆవిడ.

ఆ కేంద్రంలో రక్తం గొట్టాలని గిరగిరా తిప్పే మెషీన్ ఒకటుంది. ఒకరోజు అది మూలగడం మొదలుపెడితే బాగుచేయడానికి ఓ కుర్రాడు వచ్చాడు. భుజాన సంచీ, చెవి మీద పెన్సిలు. ఎవరినీ అడక్కుండా నేరుగా వెళ్ళి నేను కుట్టిన తెర పక్కకి లాగాడు. లోపల ఎవరో చెయ్యి చాపి కూర్చుని ఉన్నారు.

మా మరదలు సూది పట్టుకునే బయటికి వచ్చింది.

"తెర వేసుంది, కనబడలేదా?"

"తెర కనబడిందండీ. వెనక మీరే కనబడలేదు."

"కనబడకూడదనే తెర."

"మెషీన్ లోపలుందన్నారు మరి..."

"మెషీన్ ఆగుతుంది. ధైర్యం తెచ్చుకుని వచ్చిన మనిషి ఆగడు. బయట కూర్చోండి."

కూర్చున్నాడు. కోపం రావాలి కదా, వచ్చింది కోపం కాదట. ఈ సంగతి తర్వాత అతనే చెప్పాడు. నిజానికి ఈ కథలో నాకు తెలిసిందంతా అతను చెప్పగా తెలిసిందీ, నా ఇంట్లో నేను కళ్ళారా చూసిందీ. మా మరదలు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ తర్వాత ఆ మెషీన్ తరచూ మూలగసాగింది. అది బాగుంటే, దాని పక్కనున్న ఫ్రిజ్జు. ఫ్రిజ్జు బాగుంటే, నా కుట్టుమిషన్ మోటారు.

"మీ మిషన్ శబ్దం వీధి చివరికి వినిపిస్తోందన్నయ్యా" అంటూ ఒకనాడు కొట్లోకి వచ్చి కూర్చున్నాడు.

అన్నయ్యా! నా వయసుకి బాబాయ్ అని పిలవొచ్చు. పిలవలేదు. మా ఆవిడని చక్కగా వదినా అన్నాడు. అక్కా అంటే వచ్చే చిక్కేమిటో అతనికి తెలుసు. మా ఆవిడకి అంతకంటే బాగా తెలుసు. "చూశారా, పిలుపులోనే వరస కలిపేసుకున్నాడు" అని లోపలికెళ్ళి నవ్వుకుంది. అతనికి స్క్రూడ్రైవర్ అని పేరు కూడా పెట్టేసింది.

మా మరదలు అతనితో అనే 'మీరు' కొన్నాళ్ళకి 'నువ్వు'గా మారింది. ఆ తర్వాత "నీకు పనీపాటా లేదా?"గా మారింది. మా ఇంట్లో అది మంచి శకునం.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా గళ్ళచొక్కా వచ్చాడు.

గళ్ళచొక్కా అంటే ఒక మనిషి. పొడుగ్గా, నున్నగా దువ్విన జుట్టుతో ఉంటాడట. కేంద్రం మూసేవేళకి వస్తాడట. మా మరదలు తెర వెనక అతనితో చాలాసేపు మాట్లాడుతుందట. ఒకసారి గుమ్మం దాకా వచ్చి సాగనంపిందట.

"సాగనంపితే ఏమైందిరా?" అన్నాను నేను బొత్తాలు కుడుతూ.

"నవ్వాడన్నయ్యా."

"నవ్వితే?"

"నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. అంత నవ్వొచ్చే మాట ఏం చెప్పుంటుంది? నాతో ఎప్పుడూ చెప్పదే!"

కళ్ళు తుడుచుకోవడం అతనికి కనబడింది. ఎందుకో మాత్రం కనబడలేదు. ఈర్ష్య అలాంటిది. కంటికి కాటుక పెట్టినట్టే పెట్టి, చూపు తీసుకుపోతుంది.

అతను గళ్ళచొక్కాలు మానేశాడు. తనకున్న రెండూ నాకిచ్చి, గుడ్డపీలికల్లో వేసేయమన్నాడు. "ఆ తెర కాస్త పల్చటి గుడ్డతో కుట్టకూడదా అన్నయ్యా, గాలి ఆడుతుంది" అని సలహా కూడా ఇచ్చాడు. గాలి ఎవరికి ఆడాలో నాకు అర్థమైంది.

ఒక సాయంత్రం కొట్లో నా మిషన్‌కి నూనె వేస్తున్నాడు. మా మరదలు ఫోన్ చెవిన పెట్టుకుని మెట్లు దిగుతూ, మేం ఉన్నది చూసి, మెట్ల కిందికి తప్పుకుంది. ఎంత తప్పుకున్నా నాలుగు మాటలు చెవిన పడ్డాయి.

"లేదండీ, కిటికీ ఇంకా మూసుకోలేదు. ఇప్పుడొస్తే లాభం లేదు. మూసుకున్నాక రండి, నేనే ఉంటాను... ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేనున్నానుగా."

నూనె డబ్బా నా తెల్లగుడ్డ మీద ఒలికిపోయింది.

"విన్నారా?" అన్నాడు అతను.

"కొత్త గుడ్డరా!"

"గుడ్డ పోతే పోనివ్వండి. మీ మరదలి గది కిటికీ ఎటువైపు ఉంటుంది?"

"వీధివైపు. ఎందుకు?"

"అదీ సంగతి! కిటికీ తెరిచుంటే మీరు మేలుకున్నట్టు. మూసుంటే అందరూ పడుకున్నట్టు. గళ్ళచొక్కా అప్పుడొస్తాడు. అది వాళ్ళిద్దరి సైగ!"

నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. పాపం, అతని ముఖం అలా ఉంది. పైగా ఆ మాటలకి అర్థం నాకూ తెలియదు. తెలియనప్పుడు నవ్వడానికి నేనెవర్ని?

మర్నాడు మా మరదలు డ్యూటీలో ఉండగా వచ్చాడు. "వదినా, మీ కిటికీల బందులన్నీ తుప్పు పట్టాయట, అన్నయ్య చూడమన్నాడు" అన్నాడు. నేను అననే లేదు. అన్నీ చూశాడు. వీధివైపు కిటికీని మాత్రం చాలాసేపు చూశాడు.

సాయంత్రం వాన మొదలైంది. మామూలు వానా అది! అలిగిన పెళ్ళికూతురిలా ఓసారి గుమ్మరించి, ఓసారి ముక్కు చీదుతూ, మళ్ళీ గుమ్మరిస్తూ. మా మరదలు గొడుగు దులుపుకుంటూ వచ్చి తన గదిలోకి వెళ్ళింది. క్షణంలో కేక.

"అక్కా! ఈ కిటికీ మూసుకోవడం లేదే!"

పరుపు తడిసిపోయింది. దిండు పిండితే నీళ్ళొచ్చాయి. మూసే రెక్క అడుగున ఒక చెక్కముక్క దిగ్గొట్టి ఉంది. దాన్ని ఎంత నేర్పుగా దిగ్గొట్టారంటే, చూడగానే మా ఆవిడ అంది, "ఇది స్క్రూడ్రైవర్ పని."

అతనూ అక్కడే ఉన్నాడు. కొట్టు చూరు కింద వాన ఆగడం కోసం నిలబడ్డాడట. అసలు సంగతి వీధి కాపలా కాస్తున్నాడు. మా మరదలు తడిదిండు పట్టుకుని మెట్లు దిగింది.

"నా కిటికీ నిన్నేం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. మూసుకోకపోతే నీకేం? 'కిటికీ మూసుకున్నాక రండి' అని ఎవరికి చెప్పావు?"

మా మరదలు ఒక్కక్షణం తెల్లబోయింది. తర్వాత దిండు ఒళ్ళో పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుని నవ్వింది. నవ్వి, నవ్వి, దగ్గొచ్చే దాకా నవ్వింది.

"ఓరి పిచ్చి మెకానిక్కూ! క్రిమి ఒంట్లో చేరిన మొదట్లో పరీక్షకి దొరకదు. కొన్ని వారాలు దాక్కుంటుంది. మా వాళ్ళు దాన్ని విండో పీరియడ్ అంటారు. వచ్చినవాళ్ళకి ఆ ఇంగ్లీషు ఎక్కడం లేదని నేను కిటికీ అంటాను. కిటికీ తెరిచున్నన్నాళ్ళూ రిపోర్టు బాగున్నా నమ్మడానికి లేదు. అది మూసుకున్నాక మళ్ళీ చూస్తే అప్పుడు ఖాయం. ఇదీ నా కిటికీ!"

మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. అతను కూడా నవ్వబోయి, సగంలో ఆపేశాడు.

"సరే, కిటికీ అర్థమైంది. ఆ గళ్ళచొక్కా ఎవరు?"

"ఏ గళ్ళచొక్కా?"

"పొడుగ్గా ఉంటాడు, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపావు..."

"నాకు తెలియదు."

"తెలియకుండానే అంతసేపు మాట్లాడతావా? పేరు చెప్పొద్దు. పరీక్షకే వచ్చాడని ఒక్క మాట చెప్పు. ఊరుకుంటాను."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. వాన శబ్దం ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది నాకు.

"ఆ ఒక్క మాటే చెప్పకూడదు. అతను వచ్చాడనీ చెప్పను, రాలేదనీ చెప్పను. రేపు నీతో పెళ్ళయిందనుకో. రోజూ సాయంత్రం ఇదే అడుగుతావు, రోజూ ఇదే జవాబు చెప్తాను. అలాంటి కాపురం ఎన్నాళ్ళు చేస్తాం?"

"నేను పరాయివాణ్ణా?"

"ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి నువ్వు పరాయివాడివే. మా అక్క కూడా. బావగారు కూడా. ఇది నీకు మింగుడు పడితే రా. పడకపోతే మా మెషీన్‌కి ఇంకో మెకానిక్‌ని చూసుకుంటాం."

దిండు తీసుకుని వెళ్ళిపోయింది. అతను వానలోనే వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను అతని పక్షమే. మగవాణ్ణి కదా. అంత చిన్న మాట చెబితే ఏం పోయింది అనుకున్నాను. దేవుడి పటం ముందు అప్పుడు మొదలైన సందేహమే ఇది.

కొన్నాళ్ళు గడిచాయి. అతను మా వైపు రాలేదు. మెషీన్ ఈసారి నిజంగానే మూలిగింది. లోపల ఒక గొట్టం పగిలింది. కంపెనీ అతన్నే పంపింది. ముఖం ముడుచుకుని, ఆమె వైపు చూడకూడదని పంతం పట్టి, ఆమె "గ్లౌజులు!" అని అరుస్తున్నా వినకుండా చెయ్యి పెట్టాడు. గాజుముక్క వేలిలో దిగింది. గొట్టంలో ఎవరిదో రక్తం.

ఆమె ఒక్క ఉదుటున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఎన్నాళ్ళుగానో కోరుకున్న పాణిగ్రహణం అలా జరిగింది, కుళాయి కింద, సబ్బు నురగలో. చాలాసేపు వదల్లేదు. తర్వాత డాక్టరు వచ్చి, క్రిమి అంటుకోకుండా ఆ పూటే మాత్రలు మొదలుపెట్టాడు, టీకా వేశాడు. ఆ తర్వాత అతన్ని తెర వెనక కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీరేమీ భయపడకండి. నేనున్నానుగా. ఇవాళ తీసే రక్తం మొదటి పరీక్షకి. కిటికీ మూసుకున్నాక మళ్ళీ చూస్తాం."

ఆ గొంతు! మెట్ల కింద ఫోన్లో విన్న గొంతే. మెత్తగా, దూదిలా. అంత భయంలోనూ అతని కడుపు మండింది.

"అందరికీ ఇదే గొంతా? కొత్తగా ఈ మీరు ఏమిటి?"

"ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ నాకు మీరే."

"అంటే నేనూ అందరిలో ఒకణ్ణేనా?"

ఆమె అతని చేతికి పట్టీ కట్టి, నరం వెతుకుతూ, తలెత్తకుండా అంది. "ఆ గొంతు అందరిదీ. నా కోపం మాత్రం నీ ఒక్కడిదే. గ్లౌజులు వేసుకోమంటే వినలేదు, వెధవా!"

సూది ఎప్పుడు దిగిందో అతనికి తెలియలేదట.

లేస్తూ అడిగాడు, "ఇంట్లో చెప్తావా?"

"ఏమని చెప్పాలి? నువ్వెవరో నాకు తెలియదు."

ఇక్కడ మా ఇంట్లో సంగతి వేరు. మా ఆవిడకి తెలిసిందల్లా స్క్రూడ్రైవర్ రావడం మానేశాడు, చెల్లి అన్నం సరిగ్గా తినడం లేదు.

"వాడేమన్నా అన్నాడా?"

"లేదక్కా."

"నువ్వేమన్నా అన్నావా?"

"నేనే అన్నాననుకో."

"వస్తాడా, రాడా?"

"కొన్నాళ్ళు ఆగు."

"ఎన్నాళ్ళు? ఎందుకు?"

మా మరదలు మౌనంగా ఉందంటే ఇల్లు ఇల్లులా ఉండదు. మా ఆవిడ ఊరుకునే రకం కాదు. బ్యాంకులో పని చేసే ఒక అబ్బాయి సంబంధం తెచ్చింది. "చెప్పు, వద్దంటే ఎందుకు వద్దో చెప్పు" అంది. మా మరదలు చెప్పలేకపోయింది. వద్దనడానికి ఉన్న కారణం తనది కాదు మరి. తప్పంతా తన మీదే వేసుకుని కూర్చుంది.

బ్యాంకు అబ్బాయి వాళ్ళమ్మతో వచ్చిన సాయంత్రం మళ్ళీ వాన. కొట్టు ముందు కొత్త స్కూటర్ స్క్రూడ్రైవర్‌కి కనబడింది. ఎవరిదో వాకబు చేశాడు. తర్వాత నాతో అన్నాడు, "అన్నయ్యా, గళ్ళచొక్కా మీద వచ్చిన ఈర్ష్య దీని ముందు ఎంత! కానీ ఈసారి ఒకటి అర్థమైంది. ఆమె ఒక్క మాట చెబితే ఈ సంబంధం ఆగిపోతుంది. చెప్పడం లేదు. ఆ మాట నాది గనక."

మేం హాల్లో కూర్చున్నాం. బ్యాంకు అబ్బాయి వడ్డీ రేట్ల గురించి చెబుతున్నాడు. మా మరదలు నేల చూపులు చూస్తోంది. అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. నిలువెల్లా కారుతూ స్క్రూడ్రైవర్.

"వదినా! నాకు కిటికీ ఇంకా మూసుకోలేదు!"

బ్యాంకు అబ్బాయి మా కిటికీ వైపు చూశాడు. "మూసే ఉంది కదండీ" అన్నాడు మర్యాదగా.

"ఆ కిటికీ కాదండీ, నాది!" అని మొత్తం చెప్పేశాడు. గాజు గుచ్చుకోవడం, మాత్రలు, మొదటి పరీక్ష బాగానే రావడం, రెండో పరీక్షకి ఇంకా గడువు ఉండడం. "ఆగమని తను చెప్పింది అందుకు. ఎందుకో చెప్పకుండా తిట్లు తిన్నదీ అందుకే. నాకు బాగోలేదని తేలితే నేనే తప్పుకుంటాను. తేలకముందే ఈ సంబంధం ఖాయం చేయకండి. అంతే."

వాళ్ళమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని లేచింది. వెళ్ళనిచ్చాం.

మా ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది. "కడుపున పుట్టినదానిలా పెంచాను. నాకు చెప్పొద్దటే?"

"నా సంగతైతే చెప్పేదాన్నే అక్కా."

మా ఆవిడ తువ్వాలు తెచ్చి అతని తల మీద పడేసింది. "తుడుచుకో. రక్తం సంగతి తర్వాత, ముందు జలుబు పట్టేలా ఉంది."

"వదినా, రేపు రిపోర్టు వేరేలా వస్తే?"

"వస్తే మందులున్నాయి, నిండు నూరేళ్ళూ బతకొచ్చు, కాపురాలు చేసుకోవచ్చు అని ఇది రోజూ ఊళ్ళోవాళ్ళకి చెబుతోంది కదా. ఊరికి చెప్పే మాట ఇంట్లో చెల్లదా? నువ్వు తప్పుకోవాలో వద్దో దాన్నడుగు."

అతను ఆమె వైపు తిరిగాడు. తువ్వాలు ఒక చెవి మీద వేలాడుతోంది. "తప్పుకోనా?"

"అడుగు కదిపితే కాళ్ళు విరగ్గొడతాను."

ప్రేమించాననే మాట వాళ్ళిద్దరూ ఎప్పుడైనా అనుకున్నారో లేదో నాకు తెలియదు. నేను విన్నది ఇదే.

గడువు వచ్చాక అతను రెండో పరీక్షకి వెళ్ళాడు. బయట బల్ల మీద గళ్ళచొక్కా కూర్చుని ఉన్నాడట. ఇతన్ని చూసి, కాస్త జరిగి, చోటిచ్చాడట. ఎవరని అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. "వాన తగ్గిందా?" అన్నాడట. "తగ్గిందండీ" అన్నాడట మావాడు. అంతే సంభాషణ. "ఇన్నాళ్ళూ ఎవర్ని తిట్టుకున్నానో అతను నాకు పక్కన చోటిచ్చాడన్నయ్యా" అని చెబుతూ మావాడు కళ్ళు తుడుచుకున్నాడు. లోపలికి పిలుపు రాగానే లేచి వెళ్ళాడు. గళ్ళచొక్కా అక్కడికి ఎందుకొచ్చాడో, తన కోసమో, ఇంకెవరి కోసమో, మావాడు ఆనాటి నుంచి ఈనాటి దాకా భార్యని అడగలేదు.

రిపోర్టు బాగుంది. పెళ్ళయింది. అన్నయ్యా అన్నవాడు తోడల్లుడయ్యాడు. ఈర్ష్య పూర్తిగా పోయిందా అంటే, మనిషి కదా. ఆమె ఫోన్ పట్టుకుని పక్కకి వెళితే ఇప్పటికీ ముఖం మాడ్చుకుంటాడు. మాడ్చుకుని, వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వస్తాడు, మాకెవరికీ వినబడకుండా.

ఇక నా సంగతి ఒకటి మిగిలింది. కుర్రతనంలో ఒక బస్సు ప్రమాదంలో నాకు రక్తం ఎక్కించారు. ఆ రోజుల్లో దాతల రక్తాన్ని ఇప్పటిలా పరీక్షించేవాళ్ళు కాదు. మా మరదలు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అంది, "బావగారూ, హెపటైటిస్ సి ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. కాలేయం నోరు లేని జీవి, నొప్పని అనదు. ఒక్కసారి చూపించుకోండి. ఉన్నా ఇప్పుడు మందులతో తగ్గిపోతుంది." అలాగేనమ్మా, నీ పెళ్ళి కానివ్వు అన్నాను. పెళ్ళయింది. నీకొక బిడ్డ పుట్టనీ అన్నాను. ఇద్దరు పుట్టారు. కొట్లో పని ఒత్తిడి అన్నాను. ఆమె గుర్తు చేస్తూనే ఉంది, నేను రేపు అంటూనే ఉన్నాను. నేనామెకి బాకీ పడ్డది ఆ ఒక్క మాటే.

మొన్న పొద్దున దీపం వెలిగించి, ఎవరికీ చెప్పకుండా, రెండు వీధులు నడిచి వెళ్ళాను. తెర వేసి ఉంది. నేను కుట్టిన తెరే. బయట కూర్చున్నాను. నా వంతు వచ్చింది.

మా మరదలు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎందుకొచ్చారనీ అడగలేదు. కుర్చీ చూపించి, తెర వేసింది.

"రండి, కూర్చోండి. చొక్కా చెయ్యి మడవండి. పిడికిలి బిగించండి."

నేను గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను. చీమ కుట్టినట్టయింది. దూది నొక్కింది.

"అయిపోయింది."

"అప్పుడేనా?"

"ఇన్నేళ్ళూ మీరు వాయిదా వేసింది ఇంతే."